చిగురు జారితే కోత తప్పదా?

అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూడండి. కొన్ని పళ్లు మునుపటికన్నా పొడుగ్గా కనిపిస్తున్నాయా? పన్ను పెరగలేదు. చిగురు వెనక్కి జారింది. పంటి వేరు బయటపడింది. అందుకే చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది.

"పళ్ల డాక్టరు దగ్గరికి పోతే చిగురు కోస్తాడమ్మా!" అని చాలామంది భయపడతారు. భయపడి ఇంట్లోనే ఉండిపోతారు. ఈలోగా పన్ను కదలడం మొదలవుతుంది. నిజానికి చాలామందికి కోత అవసరమే ఉండదు.

చిగురు ఎందుకు జారుతుంది? పళ్ల మీద పాచి పేరుకుంటుంది. అది గట్టిపడి గార అవుతుంది. గార దగ్గర చిగురు వాస్తుంది. రక్తం కారుతుంది. పన్నును పట్టి ఉంచే ఎముక మెల్లగా కరిగిపోతుంది. మనం చేసే తప్పులూ ఉన్నాయి. ఇటుకపొడి, బొగ్గు, ఇసుక వేసి రుద్దుతాం. గట్టి బ్రష్షు పట్టుకుని గిన్నెలు తోమినట్టు తోముతాం. కొందరైతే పొగాకు పొడితో తోముతారు. అది చిగురుకు చాలా చెడ్డది.

మొదటి వైద్యం గార తీయించడం. సన్నగా అదిరే మొనతో, నీళ్లు చిమ్ముతూ తీస్తారు. లోతుగా ఉంటే మత్తుసూది ఇచ్చి, వేరు మీది గార కూడా గీకి నున్నగా చేస్తారు. కోత లేదు, కుట్లు లేవు. "గార తీయిస్తే పళ్లు వదులైపోతాయి" అనే మాట మీరూ వినే ఉంటారు. అది తప్పు. గార పోయాక సందులు కనిపిస్తాయి. ఇన్నాళ్లూ గార నిండి ఉన్న సందులే అవి. కొద్దిరోజులు పళ్లు జివ్వుమంటాయి. తర్వాత వాపు తగ్గి, చిగురు పన్నును బిగించి పట్టుకుంటుంది.

జివ్వుమనడం తగ్గడానికి వేరే పేస్టు ఉంది. డాక్టరు ఫ్లోరైడు పూత కూడా వేస్తారు. వేరు దగ్గర గాడి పడితే పంటి రంగు మందుతో పూడుస్తారు.

ఒక మాట దాచకూడదు. జారిన చిగురు దానంతటది తిరిగి పెరగదు. ఏ పొడీ, ఏ నూనే పెంచలేవు. ఇంకా జారకుండా ఆపుకోవచ్చు. మరీ జారితే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అతికిస్తారు. ముక్క తీయకుండా, చిన్న రంధ్రం చేసి అందులోంచే చిగురును జరిపే పద్ధతీ వచ్చింది. అది అందరికీ పనికిరాదు. ఖర్చు కూడా ఎక్కువే.

షుగరు జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. షుగరు అదుపులో లేకపోతే చిగురు త్వరగా మానదు. మెత్తని బ్రష్షు వాడండి. రక్తం వస్తోందని తోమడం మానకండి. మానితే పాచి ఇంకా పేరుకుంటుంది.