చీలమండ బెణికినచో

నంబులపూలకుంట మెట్టచేలలో గెనిమ దిగుచు పాదము లోనికి మడతపడి చీలమండ బెణుకుట మేము తఱచు చూచుచుందుము. పెక్కుమాఱులు ఎముక విఱుగదు. ఎముకలను బంధించియుండు వెలుపలి నరము సాగుటయో తెగుటయో జరుగును. నాలుగడుగులైన వేయలేనిచో ఎముకయు విఱిగియుండవచ్చును గనుక, కదిరి పోయి ఎక్సురే తీయించుకొనవలెను. మొదటి రెండు దినములు వేడినూనె మర్దనము వలదు. చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తున నుంచుడు.

మన సీమలో పుత్తూరు కట్టు పేరుగాంచినది: ఆకుపసరు, గ్రుడ్డుసొన, వెదురుబద్దలు. ఆసుపత్రులలో పిండికట్టు వేయుదురు. కీలును కదలనీయకుండుటయే రెండింటి పని. అయితే లోపల వాపు హెచ్చినచో ఏ కట్టైనను బిగియును. వ్రేళ్లు నల్లబడి, చల్లబడి, తిమ్మిరెక్కినపుడు కట్టు బాగుగ పట్టినదని మురియువారు కలరు! అది పాదమునకే ముప్పు. తెల్లవాఱువఱకు తాళక అప్పుడే విప్పింపవలెను.

అల్పమైన బెణుకునకు పిండికట్టు అక్కఱలేదు. తీవ్రముగ బెణికిన 584 మందిని పరీక్షించి ఇంగ్లండు వైద్యులు 2009లో ప్రకటించినదేమన, మోకాలి క్రింద పిండికట్టు 10 దినములుంచినవారు, సాగెడు గుడ్డతొడుగు వేసికొన్నవారికంటె మూడు నెలలకు బాగుగ తేరుకొనిరి. అటుపిమ్మట కీలును మెల్లగ ఆడింపవలెను. నెలలకొలది కట్టియుంచిన కీలు బిగిసి పిక్క సన్నగిల్లును.

వేరుసెనగ పెఱుకు దినములలో 10 దినములు కూర్చుండుట కష్టమే. ఇరుగుపొరుగువారితో బదులుపని ముందే కుదుర్చుకొనుడు.