తొలిసారి కుక్కను పెంచేవారు తెలుసుకోవలసినవి

కోయంబత్తూరు నుండి సత్యమంగళం వెళ్లే దారిలో ఉన్న అన్నూరు పరిసరాలలో, ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తోటలో ఇల్లు కట్టుకొన్నవారికి కుక్క పెంపకం కొత్త గాదు. తోట విడిచి పట్టణానికి వచ్చి, మొదటిసారిగా కుక్కపిల్లను ఇంటిలోపల పెంచదలచినవారికి మాత్రం అనేక సందేహాలు కలుగుతాయి.

ఏ జాతి మేలు?

మంచుదేశాలకు చెందిన దట్టమైన బొచ్చు కుక్కలు ఇక్కడి వేసవిని తట్టుకోలేవు. తమిళనాటి దేశవాళీ జాతులైన కన్ని, చిప్పిపారై, కోంబై, రాజపాళయం ఈ వాతావరణానికి అలవాటుపడినవి. వీటిలో రాజపాళయం తెలుగువారికి దగ్గరి పేరు. విరుదునగర్ జిల్లాలోని ఆ ఊరు తెలుగు మాట్లాడే రాజుల స్థావరం. తెల్లని మేను, గులాబి రంగు ముక్కు ఈ జాతి గుర్తులు. 2005 జనవరిలో తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కజాతుల బిళ్లలలో ఇదొకటి.

తెల్లని కుక్కలలో పుట్టుచెవుడు కొంత ఎక్కువ. కనుక ఎంపిక వేళ పిల్లకు కనబడకుండా వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూడాలి. ఇది వేటజాతి; పరుగుకు చోటు లేని ఇంటికి తగదు. ఏ జాతినైనా రోజంతా గొలుసుతో కట్టివేస్తే కోపిష్టిగా మారుతుంది.

టీకాలు ఎందుకు పలుమార్లు?

ఎనిమిది వారాలు నిండక మునుపు పిల్లను తల్లి నుండి వేరుచేయరాదు. తల్లిపాల ద్వారా పిల్లకు వచ్చిన రక్షణ కొన్ని వారాలు నిలిచి, టీకా పనిని అడ్డగిస్తుంది. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుచేతనే పార్వో, డిస్టెంపర్ టీకాలను ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాల వయసు వరకు వేస్తారు. ఒక్క సూదితో ఆపివేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. వాంతులు, రక్త విరేచనాలు కనిపిస్తే పార్వోగా అనుమానించి వెంటనే పశువైద్యునికి చూపాలి. నులిపురుగుల మందు కూడ ఆయన చెప్పిన ప్రకారం ఇవ్వాలి.

ఆహారం

పెరుగన్నం మాత్రమే పెడితే ఎదిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం చేర్చాలి. ఉడికిన ఎముక చీలి పేగులకు గుచ్చుకొంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కకు విషతుల్యం. మన సాంబారులో ఉల్లి ఉంటుందన్న సంగతి మరువరాదు.

కరిచినా, గీరినా

రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. తరువాత వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. అంతవరకు పిల్లను వీధికుక్కల దరికి పోనీయరాదు. చిన్నపిల్లే కదా అని పంటిగాటును ఉపేక్షించడం ప్రమాదకరం. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, కాఫీపొడి పూయరాదు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడ అవసరం. పూర్వం బొడ్డు చుట్టూ వేసిన సూదులను తలచుకొని నేటికీ వెనుకాడేవారున్నారు. ఆ టీకా వాడుక ఏనాడో నిలిచిపోయింది. ఇప్పటిది చేతికే వేస్తారు.

ఒకప్పుడు దక్షిణాదిన ఈ చికిత్స లేదు. నీలగిరులపై కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలసిన తరువాతనే ఆ కొరత తీరింది. నేడు మందు దగ్గరలోనే ఉంది, జాప్యమే ప్రాణాంతకం.

కుక్క పది పన్నెండేండ్లు బ్రతుకుతుంది. పిల్లలు ముచ్చటపడి తెప్పించిన కుక్క, వారు చదువులకు వెళ్లిన తరువాత ఎవరి పాలబడుతుందో ముందే నిర్ణయించుకొన్న ఇంటికే అది రావాలి. విడిచిపెట్టిన ప్రతి కుక్కా, టీకా లేని మరొక వీధికుక్కగా మిగిలిపోతుంది.