ప్రొద్దుటూరు ఎండకు మగ చేపల పంట!

మీకు తెలుసా? కొన్ని చేపలకు ఆడపిల్లా, మగపిల్లాడా అని తేల్చేది నీళ్ల వేడి! అమెజాన్ వైపు దొరికే అపిస్టోగ్రమ్మాలు, ముద్దుగా అపిస్టోలు, సిక్లిడ్ కుటుంబంలోని పొట్టి చేపలు. వాటిలో 37 జాతుల్ని పరీక్షించి రోమర్, బైజెన్‌హెర్ట్స్ అనే శాస్త్రవేత్తలు 1996లో ఈ గుట్టు విప్పారు. చాలా జాతుల్లో 23 డిగ్రీల నీళ్లలో పెరిగితే ఆడవి ఎక్కువ, 29లో పెరిగితే మగవి ఎక్కువ. మరి మన కడప జిల్లా ప్రొద్దుటూరు మే నెలలో? పెళ్లికూతుళ్లకు కరువే!

మీకు తెలుసా? గుడ్లు పెట్టిన అపిస్టో తల్లి ఒళ్లంతా పసిడి రంగుకు తిరుగుతుంది. బంగారం అంగళ్ల ప్రొద్దుటూరులో కూడా దొరకని బేరం: తరుగు లేదు, మజూరీ లేదు!

ఆ తల్లి గుడ్లు అంటించేది నేలకు కాదు, ఇంటి పైకప్పుకు. ఇల్లంటే బోర్లించిన కొబ్బరి చిప్పే. తల్లి 5 సెంటీమీటర్లు, తండ్రి 8. అయినా చిన్న తొట్టెలో తన్నులు తినేది తండ్రే. వెంటనే వేరే తొట్టెకు మార్చండి, పాపం!

దేశమంతా వంటింటి గట్టుకు పరిచే కడప నల్లబండ మీద నిమ్మరసం పడితే మచ్చెందుకు పడుతుందో మీకు తెలుసా? అది సున్నపురాయి! జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ ఆ రాయి కోసమే. అందంగా ఉందని ఒక ముక్క తొట్టెలో వేశారో, మెల్లగా కరిగి నీళ్లను ఇంకా గట్టిపరుస్తుంది. అపిస్టో గుడ్లకు కావలసినవి కాస్త పులుపు తగిలే మెత్తని నీళ్లు. బండను మెట్లకే ఉంచండి!

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం పేరు అందరూ విన్నారు. ఆ యురేనియం దాక్కున్న రాయిలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉన్నాయని మీకు తెలుసా? లోకమంతా యురేనియానికి బెదిరితే, చేపలు పెంచేవాడు కాల్షియానికి బెదురుతాడు!

ఇలాంటి రాళ్ల మధ్య నుంచి వచ్చే మన బోరు నీళ్లు గట్టివి, అందుకే అపిస్టో తొట్టెలో ఆర్వో నీళ్లు కలపాలి. అవును, చేపకూ క్యాన్ నీళ్లే!

వీధిలో ఊడ్చి పారేసే ఎండు బాదం ఆకును విదేశాల్లో అక్వేరియం వాళ్లు డబ్బులిచ్చి కొంటారని మీకు తెలుసా? అది నానితే నీళ్లు టీ రంగుకు వస్తాయి, కాస్త పులుపెక్కుతాయి. మన చీపురు కింద డాలర్లు!

బోరు నీళ్లే గతి అంటారా? ఆఫ్రికాలో టాంగన్యికా సరస్సు ఉంది. లోతు 1,470 మీటర్లు, నీళ్లు మహా గట్టివి. అక్కడి మల్టీఫాసియాటస్ అనే సిక్లిడ్ ఖాళీ నత్తగుల్లలోనే కాపురం పెట్టి, అందులోనే పిల్లల్ని కంటుంది. ఆడది రమారమి 3 సెంటీమీటర్లు! నన్నడిగితే గట్టి నీళ్ల మన ఊళ్లకు సరిపడే సిక్లిడ్ ఇదే. అపిస్టో మీద మోజు వేరే సంగతి.

1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అదే మీ పులుసులోని జిలేబి చేప, కూడా సిక్లిడ్డేనని మీకు తెలుసా? పిల్లల్ని నోట్లో దాచుకుని సాకుతుంది. తల్లి నోట్లో పిల్లలు, మన నోట్లో తల్లి!

లోకంలో 1,600కు పైగా సిక్లిడ్ జాతులుంటే, సహజంగా మన దేశంలో ఉండేవి ఎన్నో మీకు తెలుసా? మూడే! వాటిలో పొట్టిది ఆరెంజ్ క్రోమైడ్. దాని పిల్లలు అమ్మానాన్నల ఒంటి జిగురును నాకి బతుకుతాయి. ఆరెంజ్ క్రోమైడ్లు తమ చుట్టం గ్రీన్ క్రోమైడ్ ఒంటి మీది పురుగుల్ని ఏరి వైద్యం చేస్తాయి. ఫీజు? అదను చూసి ఆ చుట్టం గుడ్లే మింగేస్తాయి!