కళ్ళు మూసుకుంటే ఊగే పిల్లలు

హారతి వేళ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోమంటే నాలుగైదేళ్ళ పిల్లలు అటూ ఇటూ ఊగుతుంటారు. "కదలకుండా నిలబడు" అని మనం కసురుతాం. నిజానికి అది అల్లరి కాకపోవచ్చు.

ఒంటిని నిలబెట్టేవి మూడు: కళ్ళు, లోపలి చెవి, కండరాలూ కీళ్ళూ పంపే కబురు. మెదడు ఈ మూడింటినీ కలిపి చూసుకుంటుంది. చిన్నపిల్లలు ఎక్కువగా చూపు మీదే ఆధారపడతారు. కళ్ళు మూస్తే ఆ ఆసరా పోతుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక నిలకడ క్రమంగా కుదురుతుంది.

అది ఆటపాటలతోనే వస్తుంది. పసివాళ్ళను మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళెదుటే బోర్లా పడుకోబెట్టండి. మెడ, వీపు గట్టిపడతాయి. పెద్దపిల్లల చేత తొక్కుడుబిళ్ళ ఆడించండి. ప్రదక్షిణలు వాళ్ళ కాళ్ళతోనే చేయనివ్వండి. బేబీ వాకర్ మాత్రం కొనకండి: అది నడక నేర్పదు, పైగా మెట్ల మీంచి పడే ప్రమాదం. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం.

18 నెలలు నిండాక కూడా సొంతంగా నడవకపోయినా, ఎప్పుడూ ఒకవైపు చెయ్యీ కాలే వాడుతున్నా, వచ్చిన నడక తగ్గిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. "మా ఇంట్లో అందరికీ నడక ఆలస్యమే" అని ఊరుకోవద్దు.

ఈసారి హారతి దగ్గర పిల్లలు ఊగితే కసరకండి, చెయ్యి అందించండి.