ఎవరి గుర్తుగా ఈ కప్పు?

కెనడా చాలా చలి దేశం. చలికాలంలో అక్కడి చెరువుల్లో నీళ్లు పైన గడ్డకట్టి, రాయిలా గట్టిపడతాయి. ఆ మంచు మీద పిల్లలు హాకీ ఆడతారు. అడుగున సన్నని ఇనుప పట్టీ ఉన్న బూట్లు వేసుకుని, జారుతూ పరుగెడతారు. చేతిలో వంపు కర్ర ఉంటుంది. బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్లను కొడతారు.

అక్కడ 16 నుంచి 20 ఏళ్ల కుర్రవాళ్ల జట్లకు ఒక పెద్ద పోటీ ఉంది. గెలిచిన జట్టుకు మెమోరియల్ కప్పు ఇస్తారు. మెమోరియల్ అంటే జ్ఞాపకచిహ్నం. మరి, ఎవరి జ్ఞాపకం?

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. అందులో కెనడా సైనికులు సుమారు 60 వేల మంది చనిపోయారు. హాకీ ఆటగాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కింగ్‌స్టన్ ఊరి ఆటగాడు స్కాటీ డేవిడ్‌సన్ 1915లో ఫ్రాన్సులో చనిపోయాడు.

అదే ఊరివాడు జేమ్స్ సదర్లాండ్. ఆయన హాకీ సంఘం పెద్ద. సైన్యంలోనూ పనిచేశాడు. చనిపోయిన వాళ్ల గుర్తుగా ఒక కప్పు పెట్టాలని ఆయన కోరాడు. 1919లో ఒంటారియో హాకీ సంఘం ఆ కప్పు ఇచ్చింది. మొదట గెలిచింది టొరంటో నగరంలోని ఒక బడి జట్టు.

2010లో ఈ కప్పును కెనడా కోసం యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన వారందరికీ అంకితం చేశారు. కరోనా వల్ల 2020, 2021లో పోటీ జరగలేదు. 2022లో మళ్లీ జరిగింది.

ఆ యుద్ధంలో పోయిన వాళ్లలో ఈ కుర్రవాళ్ల వయసు వాళ్లు కూడా ఉన్నారు. అందుకే గెలిచిన సంతోషంలో కూడా, ఇల్లు చేరని ఆ బిడ్డలను ఈ కప్పు గుర్తు చేస్తుంది.