బట్టపై వ్రాసిన కథలు

స్వర్ణముఖీ నది శ్రీకాళహస్తిని దాటి, నాయుడుపేట ప్రక్కగా సముద్రమునకు పోవుచున్నది. ఆ యేటి నీటితో పెరిగిన కళ కలంకారీ. పూర్వము ఈ పటములకు దేవాలయములే ప్రదర్శనశాలలు. దేవుని వెనుక తెరగాను, మండపములకు అలంకారముగాను వీనిని వ్రేలాడగట్టెడివారు. రామాయణ భారత కథలు వరుసగా గళ్లలో చిత్రింపబడి, వానితో కథాభాగము తెలుగులో వ్రాయబడియుండెడిది. చదువరానివారును బొమ్మలను జూచి కథ తెలిసికొనెడివారు. అట్టి పటములు నేడు లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను గలవు.

ప్రదర్శనమునకు పోయిన బాలురు "వీడు రావణుడు, ఇతడు హనుమంతుడు" అని చెప్పుకొని ముందునకు సాగిపోవుదురు. ఒక్క నిమిషము నల్లని గీతయొద్ద నిలిచి చూడుడు. ముతక నూలుబట్టను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో తడిపి యెండబెట్టుదురు. పాలలోని వెన్న రంగును ప్రాకనీయదు. చింతబరికల బొగ్గుతో ఆనవాలు గీసి, పిమ్మట కలము పట్టుదురు. కలమనగా ఉన్నియో గుడ్డపేలికయో చుట్టి దారముతో బిగించిన వెదురుపుల్ల. వ్రేళ్లతో అదిమినకొలదిని రంగు దిగును. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేయగా వచ్చు కసీమే యిందులకు సిరా. బట్టలోని కరక్కాయ వగరు తగిలినప్పుడే అది చక్కగా నల్లబడును.

ఎఱుపు సంగతి యింకను విచిత్రము. ఎఱ్ఱగా కావలసినచోట పూయునది ఎఱుపు గాదు, పటికనీరు! బట్టను ఉతికి, రంగుచెక్కలు, వేళ్లు వేసిన కాగులో ఉడికించినప్పుడు పటిక తాకినచోటనే ఎఱుపు గట్టిగా పట్టును. ఆ యుతుకుట నిలువనీటిలో చేయరాదు. ఎక్కువైన పటిక కరగి ప్రక్కలకంటి, తెల్లగా నుండవలసిన తావులును ఎఱ్ఱనగును. పాఱునీరు దానిని వెంటనే కొనిపోవును. కావుననే ఈ కళ ఏటియొడ్డును విడువలేదు. ఇప్పుడో, స్వర్ణముఖి ఏడాదిలో చాలకాలము ఇసుకయై యుండును. కళాకారులకు ఇది చిన్న చిక్కు గాదు.

ఇరువదవ శతాబ్ది మధ్యమున ఈ పని క్షీణదశలో నుండెను. కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో మరల ఊపిరి వచ్చినది. 1957లో శ్రీకాళహస్తియందు శిక్షణకేంద్రము వెలసెను. ఆ యూరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ పొందెను.

యంత్రముపై అచ్చువేసిన బట్టలను గూడ కలంకారీ యనుపేరనే చౌకగా అమ్ముచున్నారు. పటములో రెండు ఆకులను సరిపోల్చి చూడుడు. అచ్చులో అవి ఒక్కతీరుననే యుండును. చేతివ్రాతలో ఒకటి లావు, ఒకటి సన్నము. పెడనలో చెక్క అచ్చులతో చేయు కలంకారీ మాత్రము వేఱొక సంప్రదాయము, దానిని నకిలీయనరాదు.