50కే అరిగే ఒళ్లు, 57కి పింఛను

మధిర పల్లెల్లో తాపీ, సెంట్రింగ్ పనులకెళ్లే మాల, మాదిగ కూలీల రిటైర్మెంటును నిర్ణయించేది మోకాళ్లు, నడుమే. 50 దాటాక ఇసుక తట్ట ఎత్తడం కష్టం. తెలంగాణలో వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి. మధ్యలో పని మానేస్తే మరో దెబ్బ: చట్టం ప్రకారం భవన నిర్మాణ కార్మికులు ఏడాదిలో 90 రోజులు పని చేయకపోతే సంక్షేమ బోర్డు సభ్యత్వం పోతుంది. పనిలో ప్రమాదం జరిగి మంచాన పడితే ఆ రోజులకు మినహాయింపు ఉంది. బరువులు మోసి మోసి అరిగిన కీళ్లకు లేదు. అందుకే మానేయాలనుకునేవాళ్లు బిడ్డ పెళ్లి కానుక లాంటివి ఉంటే లేబర్ కార్డు చెల్లుబాటులో ఉండగానే దరఖాస్తు పెట్టుకోవాలి.

కల్లుగీత, చేనేత కార్మికులకు ఇక్కడ 50కే పింఛను ఇస్తున్నారు. న్యాయమే. కొన్ని పనుల్లో ఒళ్లు ముందే అరుగుతుందని సర్కారు ఒప్పుకున్నట్టే కదా. సరిహద్దు దాటితే ఆంధ్రలో డప్పు కళాకారులకు 50కి, చర్మకారులకు 40కే ఇస్తున్నారు. అదే లెక్క తాపీ మేస్త్రీకి ఎందుకు వర్తించదో మధిర ఎమ్మెల్యే, ఆర్థిక మంత్రి మల్లు భట్టి విక్రమార్క చెప్పాలి.